ఊరి కింది పట్టాలు: ఇల్లందు, కొత్తగూడెం భూగర్భ మార్గాల చరిత్ర

నగరం కింద సొరంగం తవ్వి, అందులో పట్టాలు పరచి బండ్లు నడిపే పద్ధతి 1863లో లండన్ మెట్రోపాలిటన్ రైల్వేతో మొదలై, 1984లో కలకత్తా మెట్రోతో భారతదేశానికి వచ్చింది. తెలుగు నేల మీద మాత్రం 2017 నవంబరులో ప్రారంభమైన హైదరాబాదు మెట్రో స్తంభాల మీదనే సాగినందువల్ల, భూమి కింది పట్టాలతో తెలుగువారికి పూర్వపరిచయం లేదన్న అభిప్రాయం కలగడం సహజం. ఆ అభిప్రాయం సరైనది కాదు. ఖమ్మం మైదానం ముగిసి భద్రాచలం అడవులు మొదలయ్యే అంచున, ఇల్లందులో 1889లో బొగ్గు తవ్వకం ఆరంభమైన నాటి నుండి, నేల కింద దారులు తొలిచి, పట్టాలు పరచి, గాలిని లోపలికి పంపి, నీటిని బయటికి తోడి, పైకప్పును నిలబెట్టే విద్య అక్కడ తరం నుండి తరానికి అందుతూ వచ్చింది. లండన్‌లో నగరం ముందు పుట్టి సొరంగం తరువాత వచ్చింది. ఇల్లందులోనూ, ఆ తరువాత కొత్తగూడెంలోనూ గని ముందు పుట్టి, దాని నోటి దగ్గర పట్టణం తరువాత వెలిసింది. ఈ క్రమం తారుమారు కావడం వల్ల అక్కడి పట్టణ చరిత్రను నేల మీది వీధులతో మాత్రమే చెప్పడం సాధ్యం కాదు. ఊరు ఎక్కడ పుట్టాలో, ఎటు విస్తరించాలో, ఏ నేల మీద నిబ్బరంగా నిలబడగలదో నిర్ణయించినవి కింది దారులే.

బొగ్గు, గుత్తహక్కు, రైలు

ఈ ప్రాంతపు బొగ్గు గోండ్వానా శిలాసమూహానికి చెందినది. అంటే సుమారు 25 నుండి 30 కోట్ల సంవత్సరాల క్రితం ప్రాచీన నదీలోయలలో పేరుకున్న వృక్షావశేషాలు ఇసుక పొరల కింద అణగి బొగ్గుగా మారగా, ఆ ఇసుక పొరలు ఇసుకరాయిగా గట్టిపడ్డాయి. ప్రాణహిత, గోదావరి నదుల లోయ వెంబడి, వాయవ్యాన ఆదిలాబాదు ప్రాంతం నుండి ఆగ్నేయాన ఖమ్మం ప్రాంతం వరకు ఈ పొరలు అక్కడక్కడ తేలుతూ, మునుగుతూ సాగుతాయి. భద్రాచల యాత్రకు పోతున్న భక్తులు ఇల్లందు దాపున వంటకు రాళ్లతో పొయ్యి పెట్టుకోగా ఆ రాళ్లే అంటుకున్నాయన్న కథ బొగ్గుగనుల ప్రాంతమంతటా ప్రచారంలో ఉంది. లిఖిత చరిత్రలో ఈ నిక్షేపాన్ని గుర్తించినవాడు భారత భూగర్భ సర్వేక్షణ సంస్థకు చెందిన విలియం కింగ్. 1870ల మొదట్లో ఇల్లందు పరిసరాలలో బొగ్గు ఉన్నదని తెలిపిన ఆయన, 1881లో ప్రాణహిత, గోదావరి లోయ భూగర్భ నిర్మాణం గురించి సమగ్రమైన గ్రంథాన్ని వెలువరించాడు. అక్కడి ప్రధానమైన బొగ్గుపొరను నేటికీ కింగ్ సీమ్ అని ఆయన పేరుతోనే వ్యవహరిస్తారు. గని పరిభాషలో సీమ్ అంటే రెండు రాతిపొరల నడుమ పరచుకొని ఉన్న బొగ్గుపొర.

ఆ కాలంలో ఇల్లందు అడవి నిజాం రాజ్యపు తూర్పు సరిహద్దు దాపున ఉండేది. గోదావరికి ఆవలి ఒడ్డున ఉన్న భద్రాచలం బ్రిటిషు పాలనలో ఉండి, 1874లో మధ్యపరగణాల నుండి మద్రాసు రాజధానిలోని గోదావరి జిల్లాకు మారింది. రెండు పాలనల నడుమ, కోయల గూడేలు తప్ప పెద్ద ఊళ్లు లేని ఆ అటవీప్రాంతానికి పెట్టుబడిని రప్పించినది రైలింజను. 1874లో వాడి నుండి సికింద్రాబాదు వరకు రైలుమార్గం పూర్తయి హైదరాబాదు రాజ్యం బొంబాయి, మద్రాసు మార్గాలతో కలిసిన తరువాత, దూరపు బెంగాలు బొగ్గు మీద ఆధారపడకుండా రాజ్యంలోనే దొరికే బొగ్గుతో ఇంజన్లు నడపగలిగితే రైల్వేకు లాభమని, ఆ బొగ్గును మోసినందుకు కిరాయి కూడా దానికే దక్కుతుందని లెక్క వేశారు. గనికి రైలు అవసరమైంది, రైలుకు గని అవసరమైంది.

ఈ లెక్క వెనుక రాజకీయం కూడా ఉన్నది. తూర్పున బెజవాడ వైపుకు, ఉత్తరాన చాందా వైపుకు రైలుమార్గాన్ని పొడిగించే పథకం షరతులను ప్రజల ముందు చర్చించాలని కోరినందుకు విద్యావేత్త అఘోరనాథ్ చటోపాధ్యాయను 1883లో రాజ్యం నుండి బహిష్కరించారు; హైదరాబాదు రాజ్యంలో ఆధునిక ప్రజాచర్చకు ఇది తొలి ఘట్టాలలో ఒకటి. 1886లో రాజ్యమంతటా ఖనిజాలను వెదకి తవ్వుకొనే ప్రత్యేకాధికారం, అంటే గుత్తహక్కు, వాట్సన్, స్టూవర్ట్ అనే ఇద్దరు ఆంగ్లేయులకు 99 సంవత్సరాలకు దక్కగా, దాని ఆధారంగా ఇంగ్లండులో హైదరాబాద్ (దక్కన్) కంపెనీ ఏర్పడింది. నిజాం ప్రభుత్వం తరఫున వ్యవహారం నడిపిన సర్దార్ అబ్దుల్ హక్ ఆ కంపెనీ వాటాలలో స్వలాభం పొందాడన్న ఆరోపణ రేగి, 1888లో బ్రిటిషు పార్లమెంటు దిగువసభ ప్రత్యేక సంఘం విచారణ జరపవలసి వచ్చింది. అబ్దుల్ హక్ పదవి కోల్పోయాడు. అడవిలో పార దిగక ముందే, ఆ బొగ్గు మీద లండన్‌లో వాటాల బేరం, విచారణ రెండూ ముగిశాయి.

రైలుమార్గం మాత్రం ఆగలేదు. నిజాం గ్యారంటీడ్ స్టేట్ రైల్వే 1886లో వరంగల్లుకు, 1888లో డోర్నకల్లుకు, అదే ఏడాది డోర్నకల్లు నుండి శాఖామార్గంగా ఇల్లందుకు చేరి, 1889లో బెజవాడను తాకింది. గ్యారంటీడ్ అన్న మాటకు అర్థం, కంపెనీ పెట్టుబడికి ఏటా నిర్ణీతమైన వడ్డీని ప్రభుత్వమే హామీగా చెల్లిస్తుందని. ఆ విధంగా పట్టాల మధ్య 1676 మిల్లీమీటర్ల ఎడం ఉన్న పెద్ద రైలుమార్గం ముందుగా అడవిలోకి వచ్చి ఆగింది. 1889లో తవ్వకం మొదలుకాగా, భారతీయ బొగ్గుగనులలో సాధారణంగా రెండడుగుల ఎడంతో వేసే చిన్న పట్టాలు నేల కింద నుండి పైకి వచ్చి దానిని అందుకున్నాయి. లోపలి బండిలోని బొగ్గును పైన జల్లెడపట్టి పెద్ద బండిలోకి మార్చే చోటు చుట్టూ పాకలు, బజారు, దొరల బంగళాలు వెలిసి, బొగ్గుట్ట అన్న పేరుతో జనం పిలుచుకున్న పట్టణం రూపు దిద్దుకుంది.

గని లోపలి దారి

బొగ్గుపొరను చేరడానికి రెండు మార్గాలున్నాయి. నిట్టనిలువుగా తవ్విన బావి వంటి దారిని పిట్ అనీ షాఫ్ట్ అనీ, పైనుండి వాలుగా లోపలికి దిగే సొరంగాన్ని ఇంక్లైన్ అనీ అంటారు. పొర నేలమట్టానికి దగ్గరగా తేలి, అక్కడి నుండి ఏటవాలుగా లోపలికి దిగిపోయే చోట ఇంక్లైన్ తక్కువ ఖర్చుతో అవుతుంది కనుక, ఇల్లందు, కొత్తగూడెం ప్రాంతాలలో ఆ పద్ధతి విస్తరించింది. ఇల్లందులో 21 ఇంక్లైన్, కొత్తగూడెంలో 5 ఇంక్లైన్, 7 ఇంక్లైన్ వంటి సంఖ్యలు గనులకే కాక వాటి పరిసరాలకు కూడా చిరునామాలైనాయి. కార్మికులు మాత్రం పిట్ అయినా ఇంక్లైన్ అయినా గనిని బాయి అనే అంటారు. బాయి పనికి పోవడం అంటే నేల కిందికి దిగడం.

లోపలి నిర్మాణాన్ని బోర్డ్ అండ్ పిల్లర్ పద్ధతి అంటారు. బొగ్గుపొరలోనే ఒకదానికొకటి సమాంతరంగా కొన్ని దారులను, వాటిని అడ్డంగా కోస్తూ మరికొన్ని దారులను తొలుస్తారు. తొలిచిన దారులు గ్యాలరీలు, వాటి నడుమ చతురస్రాకారంగా మిగిలే బొగ్గు దిమ్మెలు పిల్లర్లు. పొర వాలు వెంబడి దిగే గ్యాలరీ డిప్పు, వాలుకు అడ్డంగా దాదాపు సమతలంగా సాగే గ్యాలరీ లెవెలు. పటం మీద చూసినప్పుడు ఈ అమరిక పద్ధతిగా వేసిన పట్టణపు వీధులు, ఇళ్ల గడుల వలె కనిపిస్తుంది. అందుకే నేల కింద ఎన్ని మైళ్ల దూరం తిరిగినా, ఎన్నవ డిప్పు, ఎన్నవ లెవెలు అన్న రెండు సంఖ్యలతో పనిస్థలం ఎక్కడున్నదో కార్మికుడు చెప్పగలడు.

ఈ దారుల కొలతలు ఎవరి ఇష్టానికి వారు నిర్ణయించుకొనేవి కావు. 2017 వరకు అమలులో ఉన్న 1957 నాటి బొగ్గుగనుల నిబంధనల ప్రకారం గ్యాలరీ వెడల్పు 4.8 మీటర్లకు, ఎత్తు 3 మీటర్లకు మించరాదన్న నియమం ఉండేది. లోతు పెరిగిన కొద్దీ పైనున్న రాతిబరువు పెరుగుతుంది కనుక పిల్లరు కూడా లావెక్కాలి. గ్యాలరీ 4.8 మీటర్ల వెడల్పు ఉన్నప్పుడు, 60 మీటర్ల లోపు లోతులో ఒక పిల్లరు మధ్యబిందువు నుండి పక్క పిల్లరు మధ్యబిందువుకు దూరం కనీసం 19.5 మీటర్లు, 360 మీటర్లు దాటిన లోతులో కనీసం 48 మీటర్లు ఉండాలని ఆ నిబంధనలు నిర్దేశించాయి. నగర సొరంగంలో ఈ బరువును కాంక్రీటు వలయాలు మోస్తాయి. గనిలో తవ్వకుండా వదిలిన బొగ్గే మోస్తుంది.

దిశ చూపడం సర్వేయరు పని. భూమి మీద స్థిరపరచిన గుర్తుల నుండి కొలతలను ఇంక్లైన్ గుండా లోపలికి దించి, థియోడలైట్ అనే కోణమాపకంతో దిశను నిర్ధారించి, గ్యాలరీ మధ్యరేఖను పైకప్పు మీద సున్నంతో గీస్తారు. తవ్వేవారు దానిని చూసుకుంటూ ముందుకు పోతారు. రెండు వైపుల నుండి తవ్వుకొచ్చిన దారులు సూటిగా కలవాలన్నా, పాత పనుల్లో నిలిచిన నీటిని పొరపాటున తెరవకుండా ఉండాలన్నా ఆ రేఖే ముఖ్యమైన ఆధారం. పెద్ద నగరాలలో మెట్రో సొరంగాలను ఒక స్టేషను నుండి మరో స్టేషనుకు తప్పకుండా చేర్చేది కూడా ఇదే శాస్త్రం.

గ్యాలరీ ముందుకు పోయే కొద్దీ పట్టా దాని వెంట పోవాలి. ముఖం దగ్గర, అంటే తవ్వకం సాగే చివరి గోడ దగ్గర, రంధ్రాలు వేసి మందుగుండు దట్టించి షాట్‌ఫైరర్ పేల్చిన తరువాత, మైనింగ్ సర్దార్ పైకప్పును తట్టి పరీక్షించి, టింబర్‌మన్ దుంగలు నిలిపి, ఫిల్లర్లు తట్టా చెమ్మస్‌తో రాలిన బొగ్గును టబ్బుకెత్తేవారు. చెమ్మస్ అంటే బొగ్గు ఎత్తే పార, టబ్బు అంటే సుమారు ఒక టన్ను బొగ్గు పట్టే నాలుగు చక్రాల ఇనుప బండి. నిండిన టబ్బును లెవెలు వెంట తోసుకుంటూ డిప్పు దాకా తెచ్చేవాడు ట్రామర్. చెక్క స్లీపర్లు పరచి, తేలికపాటి పట్టాలను మేకులతో బిగించి, మలుపుల దగ్గర ఒక పట్టా నుండి మరో పట్టాకు దారి మార్చే క్రాసింగులు అమర్చి, నీరు నిలిచి కుంగిన చోట ఎత్తు సరిచేసేవాడు లైన్‌మన్. ఫిల్లరు కూలి టబ్బుల లెక్కన వచ్చేది కనుక, పట్టా బాగా లేక టబ్బు పడిపోతే ఆ పూట లైనుకు, ఫిల్లరు కూలికి రెండింటికీ దెబ్బ తగిలేది. పట్టా పనిని చిన్నపనిగా చూడరాదన్న ఎరుక గనిలో ఇలా ఆకలి లెక్క నుండి పుట్టింది.

డిప్పులో టబ్బులను మనిషి తోయలేడు; అక్కడ పనిచేసేది హాలేజీ, అంటే తిరిగే డ్రమ్ముకు చుట్టిన ఉక్కుతాడుతో బండ్లను లాగే ఏర్పాటు. మొదట ఆవిరితో, తరువాత విద్యుత్తుతో నడిచిన ఈ హాలేజీ ప్రధానంగా రెండు రకాలు. డైరెక్టు హాలేజీలో నిండిన టబ్బుల వరుసను తాడుతో పైకి లాగి, ఖాళీ టబ్బులను వాటి బరువుతోనే కిందికి వదులుతారు. ఒకే పట్టా చాలు, వాలు మాత్రం తగినంత ఉండాలి. ఎండ్‌లెస్ హాలేజీలో మొదలు, చివర కలిపిన తాడు రెండు పట్టాల మీదుగా నిదానంగా, ఆగకుండా తిరుగుతూ ఉంటుంది. క్లిప్‌మన్ ఇనుప క్లిప్పుతో టబ్బును కదిలే తాడుకు తగిలిస్తే నిండు టబ్బులు ఒక పట్టా మీద పైకి, ఖాళీ టబ్బులు రెండో పట్టా మీద కిందికి పోతాయి. తాడు తెగినా, క్లిప్పు జారినా బండ్లు వేగం పుంజుకొని కిందికి దూసుకుపోతాయి కనుక, వాటిని పక్కకు మళ్లించే స్విచ్చులు, అడ్డుకొనే స్టాప్‌బ్లాకులు, మనుషులు తప్పుకొని నిలబడడానికి దారి పక్క గోడలలో తొలిచిన గూళ్లు ఉండాలని నిబంధనలు పట్టుబట్టాయి. తీగ లాగి గంట మోగించే సంకేతాలతో హాలేజీ ఆపరేటరు, తాను కంటితో చూడలేని బండ్లను నడిపించేవాడు.

ఊరి కింద మిగిలిన బొగ్గు

నగర సొరంగానికి, గని సొరంగానికి మౌలికమైన తేడా వాటి ఆయుష్షులో ఉన్నది. లండన్ నేల అడుగున లోతుగా తొలిచి 1890లో ప్రారంభించిన సిటీ అండ్ సౌత్ లండన్ రైల్వే సొరంగాలలో చాలావాటిలో నేటికీ రైళ్లు తిరుగుతున్నాయి. అవి ఎల్లకాలం నిలవడానికి కట్టినవి. దానికి ఒక్క ఏడాది ముందు పని మొదలైన ఇల్లందు గనిలోని దారులు అవసరం తీరాక కూలిపోవడానికే కట్టినవి. బోర్డ్ అండ్ పిల్లర్ పద్ధతిలో దారులు తొలవడం తొలిదశ మాత్రమే. ఆ తరువాత గని చివరి హద్దు నుండి వెనక్కు వస్తూ, మోతగా వదిలిన పిల్లర్లను కూడా ఒక్కొక్కటిగా తీసివేస్తారు. దీనిని డీపిల్లరింగ్ అంటారు. ఆధారం పోయిన పైకప్పు కూలి రాళ్లతో నిండిన ఖాళీని గోఫ్ అంటారు. అప్పటివరకు ఎంతో జాగ్రత్తగా పరచిన పట్టాలను, హాలేజీ తాళ్లను ముందుగా ఊడదీసి, కప్పు కూలే లోపల మనుషులు వెనక్కు రావాలి. కప్పు ఎప్పుడు ఎటు కదులుతుందో శబ్దం విని పసిగట్టగల అనుభవజ్ఞుల మీద ఎంతోమంది ప్రాణాలు ఆధారపడేవి.

కింద కప్పు కూలితే పైన నేల కుంగే ప్రమాదం ఉన్నది. అడవి కింద, బీడు కింద దానిని కొంత సహించవచ్చు. పట్టణం కింద సహించలేరు. ఇల్లందు, కొత్తగూడెంలలో గని వల్లనే పుట్టిన ఊరు, కొద్దికాలంలోనే గని పనికి హద్దుగా మారింది. గని కోసం వచ్చిన రైలుమార్గం, స్టేషను, ఆసుపత్రి, కార్మికుల క్వార్టర్లు, బజారు బొగ్గుపొరల మీదనే లేచాయి. రైలుమార్గానికి గానీ, ప్రజోపయోగ కట్టడాలకు గానీ 45 మీటర్ల లోపల ముందస్తు అనుమతి లేకుండా తవ్వకం గానీ పిల్లర్ల తొలగింపు గానీ జరపరాదని 1957 నిబంధనలు విధించాయి. అనుమతి కావాలంటే రెండే దారులు: పిల్లర్లను శాశ్వతంగా వదిలివేయడం, లేదా తీసిన ఖాళీని వెంటనే పూడ్చడం.

పూడ్చే పద్ధతిని శాండ్ స్టోయింగ్ అంటారు. ఇసుకను నీటితో కలిపి గొట్టాల ద్వారా కిందికి పంపి, తడికలు, గోనెసంచుల అడ్డుకట్టల వెనుక ఖాళీలో నింపితే, నీరు ఇంకి బయటికి పోయి ఇసుక గట్టిగా కూర్చుంటుంది. ఆ నీటిని పంపులతో మళ్లీ పైకి తోడాలి. ఇక్కడి గనులను నడిపిన సింగరేణి కంపెనీ తన భూగర్భ గనులకు ఈ ఇసుకను ప్రధానంగా గోదావరి నుండి తెచ్చింది. నదిగర్భంలోని ఇసుక నేలగర్భంలోకి చేరి, బొగ్గు పోయిన చోట కప్పును నిలబెట్టిందంటే, పట్టణాల భద్రతకు గోదావరి కూడా భాగస్వామి అయిందన్నమాట. ఇసుక ఖరీదైనప్పుడు, దూరమైనప్పుడు, పిల్లర్లను వదిలివేయడమే మేలని తేలేది. అందువల్ల ఈ పట్టణాలలో కొన్ని భాగాలు, తవ్వకుండా మిగిలిన బొగ్గు మీద నిలబడి ఉన్నాయి. తీసిన ప్రతి టన్నుకూ లెక్క ఉన్నది, పొగడ్త ఉన్నది. ఊరిని మోయడానికి వదిలిన బొగ్గు ఆ లెక్కల్లో నష్టంగా కనిపించినా, పట్టణానికి అదే పునాది.

అడవి కూడా ఈ దారులను మోసింది. పైకప్పుకు ఆనించే నిలువు దుంగలు, ఒకదాని మీద ఒకటి అడ్డంగా పేర్చి కట్టే చాకులు, పట్టాల కింది స్లీపర్లు, తొలినాళ్లలో అన్నీ కలపే. ఇసుకరాతి కప్పులోకి ఇనుప కడ్డీలను దించి బిగించే రూఫ్ బోల్టులు తరువాతి కాలంలో ఈ దుంగల స్థానాన్ని చాలావరకు ఆక్రమించాయి. కోయల అడవిలో చెట్టు కొట్టడానికి, గనిలో తట్ట ఎత్తడానికి స్థానికులతో పాటు వరంగల్లు, నల్లగొండ, కరీంనగర్ ప్రాంతాల నుండి వచ్చిన పేద రైతుకూలీలు, ఇంకా దూరదేశాల నుండి వచ్చినవారు తోడై, పలు యాసలు కలిసిన పట్టణ సమాజం ఏర్పడింది. ఆ సమాజం లాభపడినంత, తన పొలాన్నీ అడవినీ వదులుకొన్న కోయ కుటుంబం లాభపడలేదన్నది ఈ చరిత్రలో దాచకుండా చెప్పవలసిన విషయం.

కొత్తగూడెం వైపు మరలిన పట్టా

1920 డిసెంబరు 23న సింగరేణి కాలరీస్ కంపెనీ హైదరాబాదు రాజ్యచట్టం కింద నమోదై, పాత దక్కన్ కంపెనీ ఆస్తులను, బాధ్యతలను స్వీకరించింది. డోర్నకల్లు, ఇల్లందు మార్గం నడుమనున్న కారేపల్లి నుండి 1927లో కొత్తగూడెం వరకు మరో శాఖ వేయడంతో పట్టా అడవిలోకి ఇంకొంత దూరం చొచ్చుకుపోయింది. దాని చివరి స్టేషనుకు సుమారు 40 కిలోమీటర్ల దూరంలోని పుణ్యక్షేత్రాన్ని బట్టి భద్రాచలం రోడ్ అని పేరు పెట్టారు. 1930లలో కొత్తగూడెంలో గనులు తెరుచుకున్నాయి. కాలక్రమేణా కంపెనీ ప్రధాన కార్యాలయం కూడా అక్కడికి తరలగా, ఇల్లందు మొదటి పట్టణమన్న గౌరవంతో మిగిలిపోయింది. 1945లో హైదరాబాదు ప్రభుత్వం కంపెనీలో అధికభాగం వాటాలను కొనడంతో, లండన్ బజారులో పుట్టిన గని రాజ్యానిదైంది. 1956లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వానికి, 2014 తరువాత తెలంగాణ ప్రభుత్వానికి ఆ వాటా సంక్రమించి, నేడు రాష్ట్రానికి 51 శాతం, కేంద్రానికి 49 శాతం వాటాలున్నాయి. పాలనా హద్దులు కూడా ఇదే కాలంలో మారాయి: 1953లో ఖమ్మం జిల్లా ఏర్పడింది, 1959లో తూర్పు గోదావరి నుండి భద్రాచలం దానిలో కలిసింది, 1965లో గోదావరి మీద వంతెన రెండు ఒడ్డులను కలిపింది, 2016లో భద్రాద్రి కొత్తగూడెం వేరు జిల్లా అయింది.

గని లోపల మార్పు నిదానంగా వచ్చింది. ఫిల్లర్లు చేత్తో బొగ్గెత్తే హ్యాండ్ సెక్షన్ల స్థానంలో, పక్కకు బొగ్గు పోసే ఎస్‌డీఎల్ లోడర్లు, ఎత్తి మోసుకుపోయే ఎల్‌హెచ్‌డీ యంత్రాలు ప్రవేశించాయి. కొత్తగూడెం పద్మావతీఖని, వెంకటేశ్‌ఖనులలో పొడవైన బొగ్గుగోడను యంత్రంతో చెక్కుతూ, కప్పును నీటిపీడనంతో పనిచేసే ఉక్కు ఆధారాలతో నిలిపే లాంగ్‌వాల్ పద్ధతిని ప్రయత్నించారు. 2006 ప్రాంతంలో వెంకటేశ్‌ఖని 7 ఇంక్లైన్‌లో ప్రవేశపెట్టిన కంటిన్యువస్ మైనర్, మందుగుండు పేల్చకుండానే పళ్లున్న డ్రమ్ముతో బొగ్గును కోసి, రబ్బరు చక్రాల షటిల్‌కార్ల ద్వారా కన్వేయర్ బెల్టుకు అందించింది. దీనితో బొగ్గు రవాణాలో పట్టా అవసరం తగ్గి, దుంగలు, ఇనుము, యంత్రభాగాలు దించే పనికి పరిమితమైంది. కాలినడకన మైళ్ల దూరం దిగి ఎక్కిన కార్మికులకు తాడుకు వేలాడే ఆసనాల మ్యాన్‌రైడింగ్ ఏర్పాట్లు వచ్చాయి.

ఇంతకంటే పెద్ద మార్పు నేల మీద జరిగింది. లండన్ మెట్రోపాలిటన్ రైల్వేను వీధిని నిలువునా తెరిచి, కందకంలో పట్టాలు పరచి, మళ్లీ పైకప్పు వేసి కట్టారు; తరువాతి సొరంగాలను నేలను కదిలించకుండా లోలోపలే తొలిచారు. బొగ్గు పరిశ్రమ ఇందుకు ఎదురుదిశలో నడిచింది. మొదట లోలోపల తొలిచి, తరువాత నేలను పూర్తిగా తెరిచే ఓపెన్‌కాస్ట్ పద్ధతికి మారింది. పాత పిల్లర్లలో మిగిలిన బొగ్గును కూడా పైనుండి తీయగల శక్తి భారీ యంత్రాలకు వచ్చింది. నేడు సింగరేణి బొగ్గులో అత్యధికభాగం ఓపెన్‌కాస్టుల నుండే వస్తున్నది. 1990ల మొదట్లో లక్షకు పైగా ఉన్న ఉద్యోగుల సంఖ్య సుమారు 40 వేలకు చేరింది. ప్రమాదం తగ్గింది, ఉత్పత్తి పెరిగింది. అదే సమయంలో ఊళ్లు లేచిపోయాయి, అడవి తెరుచుకుంది, భూగర్భ విద్య తెలిసిన చేతులు పనినుండి తప్పుకున్నాయి.

లోపలి పట్టా వెనక్కు తగ్గుతున్న కాలంలోనే పైపట్టా విస్తరిస్తున్నది. కొత్తగూడెం నుండి మణుగూరుకు మార్గం సాగింది. భద్రాచలం రోడ్ నుండి సత్తుపల్లికి 54 కిలోమీటర్ల మార్గం ప్రధానంగా బొగ్గు కోసమే వేయగా, 2022 నవంబరులో జాతికి అంకితమైంది. 2024 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గం మల్కన్‌గిరి నుండి భద్రాచలం మీదుగా పాండురంగాపురం వరకు కొత్త మార్గాన్ని ఆమోదించింది.

కాపాడవలసిన విద్య

ఈ చరిత్ర నుండి తేలే విషయం స్పష్టమైనది. సొరంగాన్ని తొలవడం, దానిని నిలపడం, అందులో పట్టాను సరిగా ఉంచడం, దాని మీది ఊరిని కాపాడడం అనే నాలుగు పనులు ఒకే విద్యలోని భాగాలు. ఆ విద్య తెలుగు నేలపై 1889 నుండి ఉన్నది. దానిని నడిపినవారిలో ఇంజనీర్ల పేర్లు కొన్ని పుస్తకాలకెక్కాయి గానీ, సున్నం గీతను బట్టి సూటిగా తవ్వినవారు, చీకటిలో పట్టా ఎత్తు చేతితో సరిచూసిన లైన్‌మన్లు, కప్పు శబ్దాన్ని బట్టి తోటివారిని వెనక్కు పిలిచిన సర్దార్లు పేర్లు లేకుండానే మిగిలారు. వారి మాటలను, పనిముట్ల పేర్లను, పనిపద్ధతులను వారు జీవించి ఉండగానే నమోదు చేయడం చరిత్రకారుల బాధ్యత.

అంతకంటే అత్యవసరమైనది పటాల సంరక్షణ. మూసివేసిన గని పటాన్ని భద్రపరచాలని చట్టం చెప్పడానికి కారణం ఉన్నది: పట్టాలు ఊడదీసిన తరువాత, ఇంక్లైన్ నోరు మూసిన తరువాత, ఎక్కడ పిల్లరు మిగిలినదో, ఎక్కడ ఇసుక నింపారో, ఎక్కడ నీరు నిలిచి ఉన్నదో చెప్పగలిగేది ఆ కాగితమే. ఇల్లందులోనూ కొత్తగూడెంలోనూ కొత్త అంతస్తు లేచే ప్రతిచోటా, కొత్త రోడ్డు పడే ప్రతిచోటా, పురపాలక అధికారులు పైపటంతో పాటు కిందిపటాన్ని కూడా పరచి చూసుకోవాలి. గనులు మూతపడి బొగ్గు బండ్లు ఆగిన తరువాత కూడా ఆ పట్టణాల ప్రజలు అక్కడే నివసిస్తారు. వారి ఇళ్లను మోసే పిల్లర్లు ఎక్కడున్నాయో తెలుసుకొనే హక్కు, ఆ పిల్లర్లను వదిలి దారులు తొలిచినవారి సంతానంగా వారికి అందరికంటే ముందుగా ఉన్నది.